బొజ్జ కొట్టు నిలబడింది

వాల్డన్‌బర్గ్, ఒహాయో

అమ్మా,

నేను క్షేమం, అరెస్టు కాలేదని తమ్ముడికి చెప్పు. మన మెయిన్ వీధి కొట్ల వరసను కూల్చి కార్లు నిలిపే స్థలం చేస్తామన్న పెద్దమనుషులు ఓడిపోయారు. "ఆ రేకుల వెనక ఏముంది వెర్నా, కుళ్ళిన ఇటుకలు తప్ప?" అని ఊరి కౌన్సిల్లో వాళ్ళ నాయకుడు గార్లాండ్ మన కొట్టు గురించి ఎకసెక్కమాడాడు. "నీ బుర్రలో ఉన్నదానికన్నా ఎక్కువే ఉంది, పద చూపిస్తా" అని సభనంతా వీధిలోకి లాక్కొచ్చి మన కొట్టు ముందరి రేకులు విప్పించాను.

అప్పట్లో కొత్త మోజులో కొట్లన్నీ అల్యూమినియం రేకులు తొడుక్కున్నప్పుడు, అడ్డొచ్చిన రాతి చెక్కడాలను అందరూ సుత్తితో కొట్టించేశారు. నువ్వొక్కదానివే నిచ్చెనకు అడ్డంగా నిలబడి ఒప్పుకోలేదు. మన రేకుల్ని ముందుకు జరిపి బిగించాల్సొచ్చింది; ఊరంతా 'బొజ్జ కొట్టు' అని నవ్వింది. ఆ బొజ్జలో రాతి ద్రాక్షగుత్తులు ఒక్కటీ చెదరలేదమ్మా! పాత ముందుభాగం చెక్కుచెదరకుండా మిగిలిన భవనాన్ని కూల్చకూడదని మన ఊరి నియమం. మన గోడలే పక్క కొట్లకూ గోడలు కనక వరసంతా బతికింది. లాభం తప్ప మరేమీ కనపడని ఈ మనుషులతో ఏళ్ళ తరబడి అరుస్తున్నాను. గెలిపించింది మాత్రం నీ మొండితనం. మంగలి ఆర్విల్ టోపీ తీసి, "మీ అమ్మను ఎంత ఏడిపించామే!" అన్నాడు.

మోకాలు ఎలా ఉంది? కిటికీ చెక్కలకు అప్పట్లో ఏ రంగుండేది? రంగులవాడు అడుగుతున్నాడు, వెంటనే రాయి. కాదు, నువ్వే రా. చివరి రేకు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అది నీ చేత్తోనే ఊడాలి.

పిల్లలకు ముద్దులు.

నీ వెర్నా