ఉల్టా పెట్టిన పైపులు

లాల్‌గడి మలక్‌పేట్,
ఆదివారం

వీరేందర్‌కి,

ఎంత కోపమున్నా ఉత్తరం ప్రేమగానే మొదలుపెట్టాలని మా నాయిన నేర్పాడు. తిన్నావా? షుగర్ గోలీ వేసుకున్నావా? సరే, మర్యాద అయిపోయింది.

ఫోన్ చేస్తే నేను సగం చెప్పేలోపే "సరే తియ్, ఇంటికొచ్చినంక మాట్లాడుదాం" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో కట్ చేయలేవు కదా. నన్ను చూడ్డానికి నా దగ్గర కారు నేర్చుకునే లిఖిత వచ్చింది, ఆమె చేత పంపుతున్నాను. నువ్వు పూర్తిగా చదివేదాకా అక్కడే నిలబడమన్నాను.

కొంతకాలంగా నా ఆడవాళ్ళ డ్రైవింగ్ బ్యాచ్‌లో మన పాత కారు ఒకటే సతాయింపు. నిలబడి ఉన్నంతసేపూ ఇంజన్ గయ్యిమని అరుస్తుంది, క్లచ్ వదలగానే దగ్గి ఆగిపోతుంది. నేర్చుకునేవాళ్ళు తడబడేది సరిగ్గా అక్కడే. ఓ రోజు మన ఆఫీసు ముందు, అందరూ వింటుండగా నువ్వేమన్నావు? "ఆడోళ్లు క్లచ్ జల్దీ ఇడుస్తరు. నేర్పేటోళ్లు గూడ ఆడోళ్లేనాయె!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి నీకు వంట కూడా చేశాను. ఆ మాట మాత్రం ఇప్పటికీ మింగుడుపడలేదు.

గురువారం శామీర్‌పేట చౌరస్తాలో లిఖిత కారు తిప్పుతుంటే అది రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. వెనక నుంచి వచ్చిన టిప్పర్ మా డోర్ దాకా వచ్చి బ్రేకు కొట్టింది. ఆ పిల్ల స్టీరింగ్ వదిలేసి, "మేడం, నాకు కారొద్దు, ఏమొద్దు" అని ఏడ్చింది. కారును పక్కకు నెట్టి, షెడ్డు నుంచి మెకానిక్ రహీల్‌ను పిలిపించాను. అతను బానెట్ ఎత్తి ఒక్క చూపు చూసి నవ్వాడు.

కార్బురేటర్ దగ్గరి ఆ రెండు సన్నటి వాక్యూమ్ పైపుల గురించి నీకు నేను చెప్పాలా? ఒకటి డిస్ట్రిబ్యూటర్‌కు, ఒకటి ఎయిర్ ఫిల్టర్‌కు వెళ్ళేవి. రెండూ ఒకే లావు కాబట్టి తారుమారు కాకూడదని, పైపు చివరలకూ అవి తొడిగే మూతులకూ నువ్వే ఎరుపు, ఆకుపచ్చ రంగులు పూశావు. ఇప్పుడు ఎర్ర పైపు ఆకుపచ్చ మూతికి, ఆకుపచ్చ పైపు ఎర్ర మూతికి ఉన్నాయి. "మేడం, రంగులు గింత సాఫ్‌గ కనవడుతున్నయ్. గీడ ఎవ్వరు గల్తీ చెయ్యరు. ఎవరో కావాల్ననే ఉల్టా వెట్టిండ్రు" అన్నాడు రహీల్. సరిచేయగానే ఇంజన్ మెత్తగా పాడింది. శుక్రవారం పొద్దున నేనే బానెట్ ఎత్తి చూశాను, మళ్ళీ ఉల్టా. సరిచేసుకున్నాను. శనివారమూ అంతే.

మన ఇంట్లో ఆ బానెట్ ఎత్తేదెవరు? పొద్దున్నే ఒక్కో పైపూ ఊడబీకి, నోటితో ఊది, మళ్ళీ తొడిగి, కారుకు దండం పెట్టుకునేది నువ్వే కదా. ఈ బ్యాచ్ మొదలుపెట్టినప్పుడు "నీకెందుకీ పరేషాన్" అన్నావు. ఇప్పుడు నీకంటే నా దగ్గరికే ఎక్కువ మంది వస్తున్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు నా మీద కోపం కారు మీద చూపించావు. నేర్పొద్దని మొహం మీద చెప్పి ఉంటే కొట్లాడేదాన్ని. నువ్వు చెప్పకుండా ఒక ఆడపిల్లను టిప్పర్ కింద పెట్టబోయావు. అది క్షమించలేను.

శామీర్‌పేటలో ఆడవాళ్ళకు కారు నేర్పే ఖమర్ తన బండి ఇస్తానంది. బుధవారం నుంచి అక్కడే పని, ఇక్కడ వజ్రమ్మ చిన్నమ్మ ఇంట్లోనే ఉంటాను. పాత కారు నీకే ఉంచుకో. పెళ్ళైన కొత్తలో దాంట్లోనే నాకు డ్రైవింగ్ నేర్పావు. నాకు ఎక్కువ బాధ అందుకే.

నీ భార్య (ప్రస్తుతానికి),
వినోద


మేడ్చల్,
సోమవారం

నా వినోదకు,

అక్షరాలు పెద్దగా, వంకరగా ఉన్నాయని నవ్వకు. స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను. నీ ఉత్తరం నేను చదవలేదు, విన్నాను. అద్దాలు మరిచిపోయానని చెప్పి లిఖితతో చదివించుకున్నాను. అద్దాలు జేబులోనే ఉన్నాయి. టిప్పర్ మాట దగ్గర ఆ పిల్ల ఆగిపోయి, "సార్, ఇది మీరే సదువుకోండ్రి" అన్నది. "సదువమ్మా, పర్వాలేదు" అన్నాను.

పైపులు పెట్టింది నేనే. ఉల్టా పెట్టానని మాత్రం నీ ఉత్తరం విన్నాకే తెలిసింది. వెంటనే బానెట్ ఎత్తి, "ఎర్రది ఏదమ్మా?" అని లిఖితను అడిగాను. ఆమె వేలు పెట్టి చూపించింది. నా చెయ్యి రెండోదాని మీద ఉంది. నాకు రెండూ బూడిద రంగే వినోదా. బోనాలప్పటి నుంచి రంగులు పోతున్నాయి. రోడ్డు మీది తెల్ల గీత వంగి కనిపిస్తోంది. షుగర్ కళ్ళలోకి దిగిందని కొంపల్లి డాక్టర్ చెప్పాడు. కంట్లో సూదులు వేస్తే ఉన్న చూపు నిలబడొచ్చట, పోయినదంతా తిరిగి రాదట. బండి నడపొద్దన్నాడు.

నీకెందుకు చెప్పలేదంటే, భయం. మేడ్చల్‌లో సగం మందికి నా పేరు తెలియదు, డ్రైవింగ్ సార్ అంటేనే తెలుసు. చూపు లేని డ్రైవింగ్ సార్‌ను ఏమని పిలుస్తారు? తప్పు నీ క్లచ్‌దే అని నిజంగానే నమ్మాను, లేదా నమ్మాలనుకున్నాను. కొత్త కారు డోర్ గీసింది నా బ్యాచ్ నవీన్ అని చెప్పాను కదా, ఆ పిల్లగాడి తప్పేం లేదు. నేనే గేటు దిమ్మె చూసుకోలేదు.

నా సాయంత్రం బ్యాచ్ ఈ రోజే ఆపేశాను. రెండు కార్ల తాళాలూ ఫ్రిజ్ మీద పెట్టాను. నువ్వు వచ్చినా రాకపోయినా ఇక నేర్పడానికి ఎడమ సీట్లో కూర్చోను. ఖమర్ దగ్గరికే వెళ్ళు, కాదనను. కానీ నేను కావాలని చేశానని మాత్రం అనుకోకు. నేను అడిగేది అదొక్కటే.

నీ
వీరేందర్


లాల్‌గడి మలక్‌పేట్,
మంగళవారం

నా పిచ్చి మొగుడికి,

నీ ఉత్తరం గడప మీదే నిలబడి చదివాను. వజ్రమ్మ చిన్నమ్మ "ఏందే, ఏడుస్తున్నవా, నవ్వుతున్నవా?" అని అడిగింది. రెండూ చేస్తున్నాను.

కోపం పోయిందనుకోకు, పెరిగింది. ఆ కళ్ళతో ఇన్నాళ్ళూ ఎడమ సీట్లో కూర్చుని, పరాయి పిల్లల ప్రాణాలకు నీ కాలు బ్రేకు మీద పెట్టి కాపలా కాశావు. దీనికి ఎదురెదురుగా కూర్చుని కొట్లాడాలి, ఉత్తరం సరిపోదు. నా మీదా నాకు కోపంగానే ఉంది. గ్లాసులో వేలు పెట్టి చాయ్ పోసుకుంటుంటే మొరటోడివి అనుకున్నాను. పెళ్ళి పత్రికలు నన్ను చదవమంటే బద్ధకం అనుకున్నాను. నా కళ్ళు బాగానే ఉన్నాయి, నేనేం చూశాను?

ఖమర్‌కు రానని చెప్పేశాను. ఉదయం బ్యాచ్ నాదే, సాయంత్రం బ్యాచ్ కూడా నాదే. గురువారం సూదికి కొంపల్లి వెళ్దాం, కారు నేను నడుపుతాను.

పొద్దున్నే నువ్వు చేసే పని మాత్రం నీ నుంచి గుంజుకోను. ఎర్ర పైపు చివర గట్టి దారంతో ముడి వేస్తాను. వేలికి ముడి తగిలితే పై మూతికి, తగలకపోతే కింది మూతికి. ఊడబీకు, ఊదు, తొడుగు, దండం పెట్టుకో. తర్వాత నేను వచ్చి రంగులు చూస్తాను. ఆ తర్వాతే తాళం తిప్పేది.

లిఖిత మళ్ళీ నేర్చుకుంటానంది. నువ్వు వెనక సీట్లో కూర్చో. ఇంజన్ చప్పుడు విని క్లచ్ ఎవరు జల్దీ వదిలారో చెప్పు. కాకపోతే ఆ పిల్లను పేరు పెట్టి పిలిచి చెప్పు, ఆడోళ్లు అనకు.

నీ భార్య,
వినోద