చిలుకమ్మత్త మూటలో రెండు ఎముకలు

మట్టెవాడ, మంగళవారం

బాపూ,
మేం బాగున్నాం. నీకు ఫోన్లో వినపడదు, అమ్మకు చెప్పే ధైర్యం నాకు లేదు, అందుకే ఈ కార్డు.

వాగులో దొరికిన ఎముకను మన పక్కింటి చిలుకమ్మత్త మూటకట్టి నాకిచ్చింది కదా, పన్నెండేళ్ల కింద వరదలో కొట్టుకుపోయిన తన తమ్ముడిదేమో కనుక్కోమని. నిన్న హనుమకొండ కాలేజీలో రాళ్ల గురించి పాఠం చెప్పే శ్రీకాంత్ సార్‌కు చూపించాను. ఆయన దాన్ని గోటితో కొడితే ఖంగుమంది.

"ఇది మనిషిది కాదమ్మా. కోట్ల ఏండ్ల కింది జంతువుది. ఎముకంత రాయైపోయింది," అన్నారు. నా ప్రాణం కుదుటపడింది.

మూట మళ్లీ కడుతుంటే మడతలోంచి వేలెడంత ముక్క ఇంకొకటి జారింది. సార్ దాన్నీ కొట్టి చూశారు. చప్పుడు రాలేదు. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి తిప్పి చూశారు.

"ఇది రాయి కాదు. అంత పాతది గూడ కాదు. మనిషిదే అనిపిస్తాంది, పోలీసోళ్లకు చూపియ్యాలె," అన్నారు.

పెద్ద ఎముకకు ఉత్త ఇసుకే ఉంది బాపూ. ఈ చిన్నదానికి మాత్రం పసుపు పూసి ఉంది. అత్తకు ముందే తెలిసిపోయిందా? రాత్రంతా నాకు కన్ను అంటలేదు.

రేపు నీ అల్లుడు, నేను ఠాణాకు పోతున్నాం. నీ బీపీ గోలీలు ఉన్నాయా? అమ్మ మోకాళ్లకు నూనె పంపుతాను. అత్తను ఒంటరిగా వాగుకు పోనియ్యకు. అడిగితే పెద్దది రాయని చెప్పు, చాలు. చిన్నదాని సంగతి శుక్రవారం నేనే వచ్చి, ఆమె పక్కన కూర్చొని చెబుతాను.

అమ్మకు, అత్తకు దండాలు.

నీ బిడ్డ,
సుకన్య