దుప్పటి ఎగిరిన వైపు

వాతావరణ కార్యాలయం వారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. పెన్నుకి మూత కూడా పెట్టేశాను. మళ్ళీ తీశాను.

నేను నలభై ఏళ్ళు తెరచాపలు కుట్టినవాణ్ణి. ఆరేళ్ళ కిందట చాప చిరిగి పడవ ఆగిపోతే, తీగమీద ఆరుతున్న కొత్త దుప్పటి కోసి మాసిక వేశాను. దుప్పటి మా ఆవిడది. అదే పూట ఆవిడ తూర్పున, అఖాతం అవతలి ఒడ్డున ఉన్న మా వదిన ఇంటికి వెళ్ళిపోయింది. "ఆ ఒడ్డు గాలి ఈ ఒడ్డుకి వీచిన రోజున వస్తాలే" అంది.

వంటింటి గోడకి రోజూ గాలి దిక్కు రాసుకునే మాదొక గాలి పుస్తకం వేలాడుతుంటుంది. ఇరవై నాలుగేళ్ళు ఆవిడే రాసింది. అందులో గాలి ఎక్కువగా తూర్పే. నేను రాసిన ఆరేళ్ళలో తూర్పన్నది ఒక్కరోజూ లేదు. ఆ తూర్పుగాలి ఏమైంది?

బస్సెక్కి మీరే వెళ్ళొచ్చుగా అంటారేమో. వెళ్ళాను. గుమ్మంలోంచే "గాలి తిరిగిందా?" అంది. లేదన్నాను. తలుపేసింది.

ఇట్లు,
తెరచాపల తాత

---

తాతగారికి,

మేం గాలిని కొలుస్తాం, తెప్పించం. ఆధారాలుంటే పంపగలరు.

ఇట్లు,
గాలి విభాగం గుమస్తా

తా.క. మీ కవరులో మోకాళ్ళ నొప్పుల గురించి విడిగా మూడు కాగితాలున్నాయి. వాటిని ఆరోగ్య శాఖకు పంపాం.

---

గుమస్తా బాబుకి ఆశీస్సులు.

పుస్తకం పంపుతున్నాను. పద్నాలుగో పుటలో టీ మరక ఉంటుంది. అది ఆవిడ కప్పుది. తుడవకండి.

ఇట్లు,
తాత

తా.క. ఆరోగ్య శాఖవాళ్ళు జవాబిచ్చారు. గాలి మారితే నొప్పులు తగ్గుతాయట. ఇక భారమంతా మీదే.

---

పూజ్యులైన తాతగారికి,

మా ఆఫీసు అట్టుడికిపోతోంది! ఆరేళ్ళ కిందట, ఒక్క రోజులో, ఈ సముద్రం మీది గాలి పూర్తిగా వెనక్కి తిరిగింది. ఇలాంటిది కనీవినీ ఎరగమని మా పెద్దసారు భోజనం మానేసి పటాలు గీస్తున్నారు. ఇరవై నాలుగేళ్ళ రాతలు ఏ పద్ధతిలో రాశారో చెప్పమని మీ ఆవిడ గారికి ఉత్తరం వేశాం.

విధేయుడు,
గుమస్తా

---

ఓరి బాబూ,

ఆవిడకి రాశారా! ఎవరు రాయమన్నారు? నేను బెంగపెట్టుకున్నానని గానీ రాశారా?

తాత

తా.క. రాస్తే, కాస్త గట్టిగానే రాశారా?

---

తాతగారికి,

మీ ఆవిడ గారి జవాబు ఉన్నదున్నట్టు: "దుప్పటి ఎటు ఎగిరితే అటు రాశాను. ఆయన పడవలవాళ్ళ లెక్కన గాలి ఎటు నుంచి వస్తే అది రాస్తాడు. నా తూర్పూ ఆయన పడమరా ఒకటే గాలి. ఇరవై నాలుగేళ్ళు గోడకున్న పుస్తకంలో ఏం రాశానో చదివిన పాపాన పోలేదన్నమాట! ఆ ఒడ్డుకి ఇటు నుంచి గాలి ఏనాడు వీచింది గనక? తెలిసే అన్నాను."

పెద్దసారు పటాలు చుట్టి భోజనానికి వెళ్ళారు. అయితే ఆవిడ రాతలు తిరగేసి చూస్తే నిజమైన మార్పు ఒకటి తేలింది. ముప్పై ఏళ్ళలో మీ గాలి పడమర నుంచి నైరుతికి మెల్లగా జరిగింది. ఇదే నడక నడిస్తే తూర్పుకి రావడానికి ఇంకో తొంభై ఏళ్ళు పడుతుంది.

విచారంతో,
గుమస్తా

తా.క. తొంభై ఏళ్ళ సంగతి ఆవిడకీ తెలియజేశాం.

---

గుమస్తా బాబుకి,

నిన్న పదకొండింటి బస్సుకి దిగింది. "తొంభై ఏళ్ళు ఎవరాగుతారు, నువ్వా?" అంది. చేతిలో సంచి అందుకున్నాను.

సంచిలో అవతలి ఒడ్డున తను ఆరేళ్ళు రాసిన ఇంకో గాలి పుస్తకం ఉంది. మీకు పనికొస్తుందని పంపుతున్నాను. ఇందులో గాలి ఎటు నుంచి వస్తోందో రాసింది, నా పద్ధతిలో. చాలా రోజులు పడమరే. అంటే మా ఒడ్డు గాలి. చూశాక మాత్రం తిరిగి పంపండి.

ఇట్లు,
తాత

తా.క. ఈ ఉదయం రెండు దుప్పట్లు ఉతికి ఆరేసింది. నా కత్తెర అడిగింది. ఇచ్చాను. బీరువాలో పెట్టి తాళం వేసింది.