ముప్పై నాలుగు కిలోలు తగ్గిన డ్రైవరు

మోటారు పందేల నియంత్రణ మండలి ముఖ్య అధికారిగారి సముఖమునకు, పందెపు కార్లలో డ్రైవర్లకు సీట్లు పోయు పనిలో ఇరవై రెండేళ్ళ అనుభవము గలవాడు వ్రాసుకొన్న మనవి.

విషయం: గత ఆదివారపు పందెములో ఆరవ స్థానము పొందిన నా మేనకోడలి ఫలితమును "బరువు తేడా" కారణముగా రద్దు చేయుచు తమరు పంపిన నోటీసును ఉపసంహరించుకొనుట గురించి.

అయ్యా,

తమ నోటీసు అందినది. నాలుగుసార్లు చదివితిని. "పందెము జరుగు సమయములో డ్రైవరు బరువు ఎనభై ఆరు కిలోల నుండి యాభై రెండు కిలోలకు తగ్గుటకు సంతృప్తికరమైన సంజాయిషీ లేనందున" అని అందులో ఉన్నది. సంజాయిషీ ఉన్నదండీ. ఎక్కవలసినది ఒకరు, ఎక్కినది మరొకరు. ఆ వైనమంతా విన్నవించుకొనుటకే ఈ అర్జీ.

1. తమకు తెలియనిది కాదు గాని, పందెపు కారు సీటు బజారులో దొరకదు. డ్రైవరును కారులో కూర్చోబెట్టి, వీపు వెనుక సంచి పరచి, రెండు ద్రవాలు కలిపి అందులో పోస్తే, అది నురగలా పొంగి ఆ ఒంటి ఆకారానికే గట్టిపడుతుంది. ఒకరికి పోసిన సీటులో మరొకరు కూర్చుంటే పది నిమిషాల్లో నడుము పట్టేస్తుంది. గత చలికాలంలో మా జట్టు మేనేజరుగారి ఆజ్ఞపై మా అక్క కూతురికి సీటు పోశాను. జట్టులో అందరూ ఆమెను తూనీగ అంటారు. పన్నెండో ఏట నుంచి చిన్న కార్లలో పందేలు నెగ్గుతూ వచ్చిన పిల్ల. పరీక్ష పరుగుల్లో అందరికంటే ఆమే వేగం. ఆ సీటు అంచులు గీకుతున్నంతసేపూ నేను పాటలు పాడుకున్నాను. ఇది ఫిర్యాదు కాదు, నేపథ్యము.

2. ఫిర్యాదు ఇక్కడ మొదలగును. సీటు తయారైన నాలుగో రోజున మేనేజరుగారు వర్క్‌షాపుకు వచ్చి, నా మొహం చూడకుండా, "అది తీసి పక్కన పెట్టు. ఇంకొకరికి పోయాలి" అన్నారు.

"ఎవరికండీ?"

"పరుపుల కంపెనీ ఓనరుగారి అబ్బాయికి."

"మా పిల్ల కంటే వేగమా?"

"చుట్టుకి సెకనున్నర వెనక."

"మరి?"

"నీ మేనకోడలి సంగతి నాకు తెలియదటయ్యా? వేగం పెట్టి టైర్లు కొనలేను కదా! వాళ్ళ నాన్న డబ్బు పెట్టకపోతే ఈ ఏడు మనకి కారే లేదు. కారు లేకపోతే నువ్వూ లేవు, నేనూ లేను."

ఆయన అబద్ధం చెప్పలేదు. అందుకే నాకు మరీ ఒళ్ళు మండింది. తూనీగను ప్రత్యామ్నాయ డ్రైవరుగా నియమించారు. అనగా, హెల్మెట్ చంకన పెట్టుకొని ప్రతి పందేనికీ వచ్చి, ఎవరికైనా జబ్బు చేస్తుందేమోనని కనిపెట్టుకొని ఉండు ఉద్యోగము. పిల్ల ఏడవలేదు. "మామయ్యా, నా సీటు మాత్రం పారెయ్యకు" అన్నది, అంతే. గుడ్డ కప్పి అటక మీద పెట్టాను. పందేలకు వెళ్ళే లారీలో మాత్రం ఎవరికీ చెప్పకుండా పనిముట్ల పెట్టెల వెనుక సర్దేవాణ్ణి.

3. పరుపులవారి అబ్బాయిమీద నాకు ఎట్టి ద్వేషమూ లేదని ఇందుమూలముగా ప్రకటించుచున్నాను. చాలా మంచివాడు. కొలతలకు వచ్చిన రోజే తలుపు దగ్గరగా వేసి నాతో అన్నాడు:

"బాబాయిగారూ, ఎవరికీ చెప్పకండి. మలుపు వస్తుంటే నాకు కళ్ళు మూసుకుపోతున్నాయండీ."

"మూసుకుని ఎలా నడుపుతున్నావు నాయనా?"

"అందుకే బ్రేకు చాలా ముందే వేసేస్తున్నా."

"నాన్నగారితో చెప్పకపోయావా?"

"చెప్పాను. అలవాటైపోతుందన్నారు."

ఆరు పందేల్లో అలవాటు కాలేదు.

4. గత ఆదివారం ఏడవ పందెము. ఉదయం తొమ్మిదింటికి అబ్బాయికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. నీళ్ళు తాగించాం, చక్కెర తినిపించాం, ముక్కు మూయించాం. హడలగొడితే పోతాయని టైర్ల మేస్త్రి సలహా ఇచ్చాడు. "కారులో కూర్చోబెట్టాంగా, ఇంతకంటే ఏం హడలగొడతాం?" అన్నాడు జాకీ వేసే అతను. పన్నెండున్నరకు మీ మండలి డాక్టరమ్మగారు వచ్చారు. ఎక్కిలి వచ్చినప్పుడల్లా అబ్బాయి హెల్మెట్ కారు అంచుకు టక్కున తగులుతోంది. ఆమె గడియారం పట్టుకొని లెక్కపెట్టారు.

"ఎక్కిలికి అరసెకను. అరసెకనులో ఈ కారు నలభై మీటర్లు పోతుంది. ఆ నలభై మీటర్లూ ఎవరు నడుపుతారు?" అని మేనేజరుగారిని అడిగి, పనికిరాడని అక్కడికక్కడే సంతకం పెట్టేశారు.

మేనేజరుగారు తూనీగ వైపు తిరిగేసరికి ఆ పిల్ల అప్పటికే చేతి తొడుగులు వేసుకొని నిలబడి ఉంది. లారీలోంచి సీటు తెచ్చి పదకొండు నిమిషాల్లో బిగించాను. బెల్టులు బిగించుకున్నాక ఆమె ఒళ్ళు ఒకసారి అటూ ఇటూ కదిపి, "మామయ్యా, ఇంట్లో ఉన్నట్టుంది" అన్నది. అదే క్షణంలో అబ్బాయికి ఎక్కిళ్ళు ఆగిపోయాయి. ఆ సంగతి అబ్బాయికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఈ మొత్తం వ్యవహారంలో దాచినది అదొక్కటే. దానినీ తమకు సమర్పించుకొంటున్నాను.

5. పందెము. ఇరవై కార్లలో ఇరవయ్యోది మాది. మొదటి చుట్టులోనే నలుగురు ఆమె వెనక్కి వెళ్ళారు. పదో చుట్టుకు పన్నెండో స్థానం. లోయ మలుపులో, ఎవరూ దాటరని అందరూ అనుకునే చోట, ఇద్దరిని ఒకేసారి దాటింది! ఒకడు కుడివైపు చూస్తున్నాడు, ఇంకొకడు ఎడమవైపు చూస్తున్నాడు, మా పిల్ల మధ్యలోంచి దూసుకుపోయింది! అప్పుడు జట్టు సిబ్బంది హర్షము వ్యక్తము చేసిరి. అనగా, జాకీ అతను నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు, పరుపులవారి అబ్బాయి టైర్ల దొంతర మీదికెక్కి చిందులు వేశాడు, మేనేజరుగారు ఎవరిదో టోపీ నమిలేశారు. ఆరో స్థానం. మా జట్టు పుట్టాక అంత పైకి రావడం అదే మొదలు.

6. ఇక బరువు. పందేనికి ముందు డ్రైవరు మార్పు కాగితం నింపవలసి వచ్చినది. మేనేజరుగారికి తీరిక లేక నేనే నింపితిని. పాత పేరు కొట్టివేసి కొత్త పేరు రాశాను. కింద గడిలో పాత బరువు అలాగే వదిలేశాను. అయ్యా, ఆ పొరపాటు పూర్తిగా నాది. పిల్లది రవ్వంత కూడా లేదు. తేలికైన డ్రైవరు ఎక్కితే ఆ లోటు కారులో నింపాలని తమ నియమము. ముప్పై నాలుగు కిలోల సీసపు పలకలు సీటు కింద నా చేతులతో బిగించాను. పందెం తర్వాత కారు, డ్రైవరు కలిపి ఎంత ఉండాలో అంతే ఉన్నట్టు తమ కాటా చీటీయే చెబుతున్నది. జతపరచితిని. శిక్ష వేయదలిస్తే నాకు వేయండి. నన్ను ఏడాదిపాటు మైదానంలోకి రానివ్వకండి. టీవీలో చూసుకుంటాను.

7. ఇంత తొందర ఎందుకనగా, మరునాడు పరుపుల కంపెనీ ఓనరుగారు స్వయంగా మా వర్క్‌షాపుకు వచ్చారు. మేమంతా కొయ్యబారిపోయాం. ఆయన మేనేజరుగారితో అన్న మాటలు ఇవి:

"మావాడు ఎక్కిన ఆరు పందేల్లో మా కంపెనీ పేరు టీవీలో కనబడింది ఒకే ఒక్కసారి. అది కూడా కారు గోడకి గుద్దుకున్నప్పుడు. మెత్తని పరుపులని రాసి ఉన్న కారు గోడకి గుద్దుకుంటే జనం ఏమనుకుంటారయ్యా? నిన్న ఆ పిల్ల దాటినప్పుడల్లా మా పేరే! డబ్బు నేనే పెడతా. మిగతా పందేలన్నీ ఆ అమ్మాయే నడపాలి."

అయితే తూనీగది తాత్కాలిక లైసెన్సు. మొదటి పదిమందిలో ఒకసారైనా ముగిస్తేనే శాశ్వతమవుతుందని తమ నియమము. ఆరో స్థానం ఉంటే లైసెన్సు ఉంది, లైసెన్సు ఉంటే కారు ఉంది. తదుపరి పందేనికి పేర్లు ఇవ్వవలసిన గడువు వచ్చే శుక్రవారం సాయంత్రం. డబ్బు అడ్డు తప్పుకున్నాక ఒక గడిలోని అంకె అడ్డుపడితే, ఆ అంకె రాసిన ఈ చెయ్యి ఏం కావాలి?

8. పరుపులవారి అబ్బాయి గురించి తమరు ఆందోళన పడనక్కరలేదు. ప్రస్తుతం నా దగ్గర పని చేస్తున్నాడు. పుట్టినప్పటి నుంచీ నురగ మధ్య పెరిగినవాడు. ద్రవాలు ఏ పాళ్ళలో కలపాలో వేలితో చూసి చెబుతాడు. నాకు ఇరవై రెండేళ్ళలో కుదరని నునుపు అతనికి మూడు రోజుల్లో కుదిరింది. ఈలలు వేసుకుంటూ పని చేస్తాడు. ఒక్క ఎక్కిలీ లేదు.

కావున తమరు దయతో కాటా చీటీని, డాక్టరమ్మగారి సంతకాన్ని, నా నేరాంగీకారాన్ని పరిశీలించి, శుక్రవారంలోపు ఆరో స్థానాన్ని మా పిల్లకు తిరిగి ఇప్పించి, ఇంత పొడుగున రాసినందుకు విసుగు చెందక చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
సీట్లు పోయువాడు
(బరువు డెబ్బై ఒక్క కిలోలు, ఉదయం నుండి మార్పు లేదు)

తాజాకలము: కవరు అంటించబోతుంటే తూనీగ చదివి, "ఆఖరి మలుపు రాయలేదేం మామయ్యా?" అని అలిగింది. నిజమే, అర్జీకి అనవసరమని వదిలేశాను. కానీ వదిలేయడానికి మనసొప్పడం లేదు. అయ్యా, ఐదో కారువాడు లోపలి వైపంతా ఆక్రమించుకున్నాడు. దారే లేదు. మా పిల్ల బయటి వైపు నుంచి వెళ్ళింది. బయటి వైపు నుంచండీ! అక్కడ ఉన్నది దుమ్ము! వాడు బ్రేకు వేశాడు, ఈమె వెయ్యలేదు, వెయ్యలేదు, ఇంకా వెయ్యలేదు, నేను ఇక్కడ కాలితో నేలను నొక్కేస్తున్నాను, అప్పుడు వేసింది! ముగింపు గీత దాటేసరికి ఇద్దరూ పక్కపక్కనే. అడుగున్నర తేడా. ఇంకో యాభై గజాలు ఉంటే ఐదో స్థానం! ఆ సమయానికి తమరు మైదానంలోనే ఉన్నారా? చూశారా? చూసి ఉంటే ఈ అర్జీ సంగతి తర్వాత చూద్దాం, ముందు నాకు ఒక్కసారి ఫోను చెయ్యండి. నంబరు కవరు వెనుక ఉంది. ఆ మలుపు గురించి నాతో మాట్లాడేవాళ్ళు ఇక్కడ ఎవరూ మిగల్లేదు. అందరికీ ఇప్పటికే పదిసార్లు చెప్పేశాను.