జ్వరం లేని రోజు తీసిన రక్తం

నాన్నకు నమస్కారం.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. మీరందరూ కులాసా అని రాసే ధైర్యం ఈసారి లేదు. నువ్వు పంపిన మూడు ఆవుల రక్తంలోనూ నిన్న పురుగు కనబడింది. ఇరవై ఒకటిన బాబాయి తన ఎద్దులను కూతురి ఊరికి తోలుకెళ్తాడని రాయించావు కదా, అందుకే ఇవాళే రాస్తున్నాను. ఫోనులో నీ గొంతు వింటే మళ్లీ దాచేస్తాను. టీచరమ్మగారూ, దయచేసి ఒక్క ముక్క వదలకుండా నాన్నకు చదివి వినిపించండి.

"సూది వేయిస్తే జ్వరం తగ్గింది, మళ్లీ ఎందుకొచ్చింది? నీ చదువులో ఇది చెప్పలేదా?" అని అడిగావు. చెప్పారు నాన్నా. జబ్బు ఆవును కుట్టిన జోరీగ మరో ఆవును కుడితే ఆ పురుగు దాని రక్తంలోకి దిగుతుంది. పురుగు ఒంటి మీద చొక్కా లాంటి పొర ఉంటుంది. ఆవు ఒళ్లు ఆ చొక్కాను గుర్తుపట్టి పురుగులను చంపుతుంది, జ్వరం దిగుతుంది. ఈలోగా కొన్ని వేరే చొక్కా తొడుక్కుంటాయి. ఒళ్లు వాటిని పోల్చుకోలేదు. అవి పెరిగి మళ్లీ జ్వరం. అలాంటి చొక్కాలు వందలు. అందుకే దీనికి టీకా లేదు. మా ల్యాబులో గాజుపలకలు కడిగే పెద్దమ్మ ఇది విని, "దొంగ పూటకో చొక్కా మారిస్తే పోలీసోడు మాత్రం ఏం చేస్తాడే పిల్లా? బట్టల కొట్టు ముందు కాపు కాయాల్సిందే!" అంది. అందరితోపాటు నేనూ నవ్వాను.

ఇక దాచింది చెప్తాను. ఇంటికొచ్చినప్పుడు నేను తెల్లావు రక్తం తీసిన రోజు దానికి జ్వరం లేదు. "ఇవాళ మేత ముడుతోందమ్మా" అని నువ్వే అన్నావు. అలాంటి రోజు రక్తం పూసిన గాజుపలక మీద పురుగులు కనబడకపోవచ్చు. జ్వరం వచ్చాక మళ్లీ తీసి చూడాలి. మొదటి నెలలోనే నేర్పారు. కానీ నాకు బస్సుకు టైమైంది, ఆగలేదు. ఇక్కడికొచ్చి ఆ ఒక్క పలక చూసి, "ఏమీ లేదు, మందలో కలిపేయి" అని ఫోను చేశాను. నువ్వు పక్కనున్న బాబాయితో, "మా అమ్మాయి భూతద్దంలో చూసి చెప్పిందిరా!" అనడం వినబడింది. అసలు సంగతి చెప్పకుండానే ఫోను పెట్టేశాను.

తెల్లావు చచ్చిపోయినప్పుడు దాని రాత అన్నావు. రాత కాదు, నా తొందర. మిగతా మూడింటికీ ఇక వేయడానికి మందు లేదు. "ఉన్న రెండు మందులూ వాడేశాం. ఆ మూడింట్లో చూడి ఆవు బతకదమ్మా" అన్నారు డాక్టరుగారు.

నా మాట నమ్మి బాబాయి తన ఎద్దులను నెలరోజులుగా మన కొట్టంలో కట్టేస్తున్నాడు. వాటికీ ఈ జబ్బు అంటి ఉండొచ్చు, కూతురి ఊరికి తోలుకెళ్లనివ్వకు. నిజం తెలిస్తే ఆయన మన గడప తొక్కడు. అయినా చెప్పాలి. నువ్వు చెప్తావా, నేనే రాయనా? ఇరవయ్యో తారీఖులోపు నాకు అందేలా జవాబు రాయించు నాన్నా.

ఇట్లు,
నీ కూతురు