కీబోర్డు ముట్టని యాదన్నకు

యాదన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. రెండువేల సంవత్సరం వస్తుందని పాత కంప్యూటర్ ప్రోగ్రాములల్ల తేదీలన్నీ దిద్దీ దిద్దీ అందరం అలిసిపోయినం. కొత్తోళ్లకు బాగ నేర్పినోళ్లకు ఇయ్యాల్టి నుంచి ఆఫీసుల బహుమతి ఇస్తున్నరు.

నాకు పని నేర్పేటప్పుడు నువ్వు చేతులు వెనక్కి కట్టుకొని నిలబడేటోడివి. నేను గంటసేపు ఎతికినా కీబోర్డు ముట్టేటోడివి గాదు. "ఫికర్ చెయ్యకు తమ్మీ, నీ తప్పు నీకే దొరకాలె" అనేటోడివి.

పొద్దున, కొత్తగా చేరిన సునీత తన ప్రోగ్రాముల తప్పు ఎతుకుతుంటే, నాకు ఓపిక లేక కీబోర్డు గుంజుకొని నేనే దిద్దిన. "థాంక్స్ సర్" అని నోట్‌బుక్ మూసేసింది. ఏం తప్పో ఆమె అడగలే, నేను చెప్పలే.

సాయంత్రం ఆ బహుమతి నాకే ఇచ్చిండ్రు, అన్నా. అందరికంటే జల్దీ నేర్పుతున్ననంట.