చెత్తబుట్టకు తగిన చోటు

భద్రాచలం,
20 ఏప్రిల్ 2025, ఆదివారం.

బిడ్డా షబ్రీన్‌కు,

మీ నానీ సలాములు, దువాలు. నేను క్షేమం. నువ్వూ క్షేమమేనని నీ పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంటే గ్రహించాను. ఫోను ఎత్తనివాళ్ల క్షేమం అలాగే గ్రహించుకోవాలి. మీ అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది. నోటికి మొదటినుంచీ ఏ నొప్పీ లేదు. మామిడికాయ తొక్కు పెట్టింది, ఉప్పెక్కువైంది. నేనన్నానని చెప్పకు.

ఇక అసలు సంగతి. పండక్కి వచ్చినప్పుడు నాతో చర్ల బస్సెక్కి, ఇప్పపువ్వు ఏరి అమ్ముకునే జంపక్క వాళ్ల సంఘం గదిలో కంప్యూటరును అందంగా సర్ది వచ్చావు. హైదరాబాదులో పెద్ద కంపెనీలకు స్క్రీన్లు దిద్దే పిల్లవు కదా, నేనూ మురిశాను. స్క్రీను మీద ఉన్నవన్నీ ఒక ఫోల్డరులోకి తోశావు. కింది పట్టీని కనపడకుండా దాచావు. వెనక నల్లటి రంగు పరిచావు. చివరికి వద్దన్న ఫైళ్లు పడేసే చెత్తబుట్ట ఒక్కటే మిగిలితే, ఊరి కళ ఉండాలని దాని బొమ్మ తీసేసి వెదురుబుట్ట బొమ్మ పెట్టావు. అందమైన బుట్ట, కాదనను.

జంపక్కకు చదువు రాదు, అంకెలు వచ్చు. సంఘానికి పెద్ద. నువ్వు వెళ్లిన మర్నాటినుంచి అరవై ఇద్దరు సభ్యుల ఫారాలూ ఫోటోలూ తనే స్కాను చేసింది. స్క్రీను మీద కనపడిన ఒకే ఒక్క చోట, ఆ వెదురుబుట్టలో, ఒక్కొక్కటీ భద్రంగా వేసింది. పదకొండో తారీకున చూస్తే బుట్ట ఖాళీ. యంత్రం తనంతట తానే ఊడ్చేసుకుంది. నువ్వు పెట్టిన ఏర్పాటేదో అయ్యుంటుంది.

అది చెత్త వేసే బుట్ట అని చెబితే జంపక్క నన్ను జాలిగా చూసింది. "అడవిల ఏరిన ఇప్పపువ్వు బుట్టలనే ఏస్తం మేడం. పారేసేదానికి బుట్టెందుకు? చేతులున్నయి గద," అంది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఆ పూట పాఠం నాకే పడింది.

వచ్చే గురువారం సంఘాలను చూసే ఆఫీసరు వస్తున్నాడు. కంప్యూటరును సంఘం ఆడవాళ్లే నడపగలరని నమ్మితే పువ్వు తూచి కొనే ఈ గది తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది. లేదంటే మళ్లీ బయటి ఆపరేటరును పెడతారు. నిరుడున్న అతను వారానికి రెండు రోజులు వచ్చేవాడు. మిగతా రోజుల్లో పువ్వు గంప నెత్తిన పెట్టుకొని తొమ్మిది కిలోమీటర్లు నడిచి వచ్చినవాళ్లు తాళాన్ని చూసి, అదే గంపతో వెనక్కి నడిచేవాళ్లు. ఈసారి అలా జరగనివ్వను.

అందుకని నీ అందాన్ని పీకేశాను. ముందు ప్రతి బొమ్మ కిందా తెలుగులో పెద్ద పెద్ద అక్షరాలు పెట్టాను. "పెద్దగ రాస్తే చదువొస్తదా మేడం?" అంది జంపక్క. అవీ తీసేశాను. ఆ తర్వాత నేను చెప్పడం మానేసి ఆమెను అడగడం మొదలుపెట్టాను.

ఇప్పుడు స్క్రీను మీద ఆ గది ఫోటోయే ఉంది, జంపక్క కూర్చునే చోటునుంచి తీసింది. తూకం రాసే బొమ్మ ఫోటోలోని కాంటా మీద ఉంటుంది. సభ్యుల ఫారాలు ఇనుప బీరువా మీద. ఫోటోలు తీసేది గుమ్మం పక్కన, ఎందుకంటే అక్కడే నిలబెట్టి తీస్తారు. బొమ్మలు వాటంతట అవి బడిపిల్లల్లా వరస కట్టే ఏర్పాటును ఆపేశాను. దాచిన పట్టీని బయటికి లాగాను. ఇంట్లో చెత్త ఎక్కడ వేస్తారని అడిగితే, తెరిచిన వెనక తలుపులోంచి కనపడే పెంటకుప్పను చూపించింది. నీ వెదురుబుట్ట పోయింది. ఇప్పుడు చెత్తబుట్టంటే పెంటకుప్ప ఫోటో, పెంటకుప్ప ఉన్నచోటే. అది చూసి జంపక్క, "గిప్పుడు సమజైంది, దీన్ల ఎవరేస్తరు ఫారాలు!" అంది.

నీకు సంతలా కనిపిస్తుందని తెలుసు. ఖాళీ స్క్రీను నీకు అందం కావచ్చు, జంపక్కకు అది సామాను ఎత్తుకుపోయిన ఇల్లు.

ఫారాలన్నీ మళ్లీ మొదటినుంచి. ఊరూరికీ కబురు పంపాం. హేమ్లి అనే ముసలామె రెండోసారి ఫోటోకు కూర్చుంటూ, "మొన్న తీసుకపోయిన మొఖమేమైంది?" అని నిలదీసింది. మా మనవరాలి వల్ల పోయిందని చెప్పాను. ఇప్పటికి యాభై ఏడు అయ్యాయి. మిగిలిన అయిదూ బుధవారంలోగా అవుతాయి, అయి తీరాలి.

నువ్వు అక్కడినుంచే ఇందులోకి దూరి సర్దగలవట. దూరకు. ఒక్క బొమ్మ కదిలినా బస్సెక్కి హైదరాబాదు వస్తాను, నెల రోజులుంటాను.

వేళకు తిను.

ఎవరి మాటా వినని
నీ నానీ,
ఫాయిజా బేగం

తా.క. – 24 ఏప్రిల్, గురువారం. ఉత్తరం పోస్టు చెయ్యడం ఆలస్యమైంది. ఆఫీసరు వచ్చి వెళ్లాడు. అరవై రెండు ఫారాలూ బీరువాలోంచి తీసినట్టే తీసి చూపించింది జంపక్క. మొదటి ఫారాలు ఎలా పోయాయని అడిగాడు. నేను "మా మనవరాలు" అని మొదలుపెట్టేలోపే ఆమె లేచి, "నేనే బుట్టల పెట్టిన సార్, తప్పు నాదే," అంది. ఆయన అది కాగితం మీద రాయబోయాడు. ఇక కూర్చోలేకపోయాను.

షబ్రీన్, బుట్ట ఖాళీ చేసింది యంత్రం కాదు, నీ ఏర్పాటూ కాదు. నేను. నిండిన చెత్తబుట్ట కనపడితే పంతులమ్మ చెయ్యి ఊరుకోలేదు. శాశ్వతంగా తీసెయ్యాలా అని అది మర్యాదగానే అడిగింది. అవునన్నాను. రెండు వారాలు నీ పేరు చెప్పుకుని తిరిగాను. పై రాతను చించెయ్యలేదు. అబద్ధం నా చేతిరాతలో ఎంత పొందికగా కుదిరిందో నువ్వు చూడాలి.

ఆఫీసరు ముందు అదంతా చెప్పాను. తాళం సంఘం దగ్గరే ఉంది. ఆయన జీపు కదిలాక జంపక్క నా పక్కన కూర్చుని మెల్లగా అంది: "నాకు ఎరికే మేడం. నువ్వు నొక్కంగ నీ పక్కనే ఉన్న. మేడం నొక్కిందంటే మంచికే అనుకుని ఊకున్న. ఇగ ఊకోను. నొక్కేముందు నన్నడుగు."

అడుగుతానన్నాను.